నా ఉర్దూ, బావ ఇంగ్లీషు

ఆ ఏడాది డైరీ రెండు వైపుల నుంచీ మొదలవుతుంది. ఒక అట్ట తీస్తే ఉర్దూ, కుడి నుంచి ఎడమకు. పుస్తకం తిరగేసి రెండో అట్ట తీస్తే తెలుగు. పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసిన తర్వాత కొన్ని వారాలు నేను ఏమీ రాయలేదు. మళ్లీ కలం పట్టినప్పుడు ఆ పుస్తకాన్నే తిప్పి పట్టుకుని తెలుగులో రాశాను. రెండు రాతలూ నడుమ దాకా వచ్చి ఆగిపోయాయి. మధ్యలో కొన్ని కాగితాలు ఇప్పటికీ తెల్లగానే ఉన్నాయి.

అప్పుడు నేను సూర్యాపేట తహసీలు కచేరీలో నకలు గుమాస్తాను. ఉద్యోగం చిన్నదే గాని నాకు ఒక విద్య ఉండేది. షికస్తా చదివేవాణ్ణి. షికస్తా అంటే చుక్కలు ఎగరగొట్టి, అక్షరంలోకి అక్షరం దూర్చి, కలం ఎత్తకుండా గొలుసులా లాక్కుపోయే ఉర్దూ రాత. పాత కచేరీ కాగితాలన్నీ ఆ రాతలోనే ఉండేవి. బడిలో చదువుకున్న ఉర్దూ దానికి చాలదు. పెద్ద గుమాస్తాల పక్కన కూర్చుని, వాళ్ల తిట్లు తింటూ కళ్లకు అలవాటు చేసుకోవాలి. మా చుట్టాల్లో ఆ పని వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎవరింట్లో పాత కాగితం బయటపడినా నా దగ్గరికే తెచ్చేవారు. నేను దాన్ని వెలుతురుకు పెట్టి కాసేపు మాట్లాడకుండా చూసేవాణ్ణి. అంతసేపు చూడాల్సిన అవసరం ఉండేది కాదు.

మా అక్కను కోదాడ ఇచ్చారు. బావ చదువంతా సరిహద్దు అవతల, జగ్గయ్యపేటలో. ఇంగ్లీషులో స్కూలు ఫైనలు దాకా చదివాడు. ఉర్దూ అక్షరం రాదు. అటు చదివి ఇటు బతకడానికి వచ్చినవాడికి నైజాములో ఏం పనుంటుంది? పొలం చేసుకునేవాడు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా నా పక్కన మంచం మీద కూర్చుని, "నీదిరా బామ్మర్దీ కొలువంటే. నా ఇంగ్లీషుతో ఎడ్లను కూడా అదిలించలేను," అనేవాడు. నాకు ఆ మాట ఇష్టం. ఎంత ఇష్టమో, ఆయన ఆ మాట అనడం మానేశాక తెలిసింది.

పోలీసు చర్య తర్వాత మాకు కొత్త తహసీల్దారు వచ్చాడు. మద్రాసు వైపు మనిషి. మంచివాడే. ఉర్దూ కాగితం ఇస్తే ముందు అది తలకిందులుగా ఉందేమో చూసుకునేవాడు. 'హుజూర్' అంటే వద్దనేవాడు, 'సార్' అనాలి. శుక్రవారం సెలవు పోయి ఆదివారం సెలవు వచ్చింది. పైకి పోయే ప్రతి కాగితమూ ఇంగ్లీషులోనే పోవాలని తాకీదు వచ్చింది. అదే సమయంలో మిర్యాలగూడ కచేరీలో ఒక ఇంగ్లీషు గుమాస్తా కావాలని, ఆ మనిషిని ఎంచి పంపే పని మా తహసీల్దారుదేనని తెలిసింది.

ఆ కొలువు నాకు కావాలి. ఎంత కావాలో చెప్పాలంటే నా భార్య సంగతి చెప్పాలి. ఆమె పుట్టిల్లు వేములపల్లి, మిర్యాలగూడ పక్కనే. కాపురానికి వచ్చిన కొత్త. సూర్యాపేటలో ఆమెకు ఎవరూ లేరు. ఈ వార్త చెప్పిన రోజు బియ్యంలో రాళ్లు ఏరుతున్నదల్లా చేట కింద పెట్టింది.

"మిర్యాలగూడ అయితే మా అమ్మోళ్లింటికి పొద్దుగాల పోయి పొద్దుగూకెటాల్లకు రావచ్చు."

"అవును."

"మరి నీకు ఇంగిలీషు వస్తదా?"

"వస్తది," అన్నాను. వచ్చేది కొంచెం. ఆ కొంచాన్ని పెంచుకోవాలని మర్నాటి నుంచే కూర్చున్నాను.

నా పద్ధతి నాకుంది. ఏది నేర్చుకున్నా గళ్లు గీసి నేర్చుకుంటాను. ఉర్దూలో ఒక మాటకు ముందు నా, బే, గైర్, బద్ చేర్చి దాన్ని కాదనిపించడం నాకు బాగా తెలుసు. నాలాయక్, బేకార్, గైర్‌హాజర్, బద్‌నామ్. ఇంగ్లీషులో కూడా అట్లాంటివే ఉన్నాయని కనిపెట్టాను: అన్, డిస్, నాన్, మిస్. సంతోషంతో గళ్లు గీసి ఎదురెదురుగా రాసుకున్నాను. 'నా'కు అన్. 'బే'కు డిస్. 'గైర్'కు నాన్. 'బద్'కు మిస్. ఇక ఏ ఉర్దూ మాట వచ్చినా తల తీసి ఇంకో తల పెడితే సరిపోతుందనుకున్నాను. ఉర్దూ బడిలో చదివిన మాలాంటి వాళ్లకు తప్ప ఇంకెవరికీ ఇట్లాంటి ఆలోచన రాదు.

అర్జీ పెట్టాను. కొలువు నాదే అనుకున్నాను. వారం తిరగకముందే బావ కోదాడ నుంచి బస్సు దిగాడు. కాళ్లకు నీళ్లిచ్చింది నా భార్య. నాకు ఆయన అక్క మొగుడు గాబట్టి ఆమెకు అన్న వరస. తువ్వాలుతో కాళ్లు తుడుచుకుంటూ, పొలం కబురు చెప్పినట్టు చెప్పాడు.

"నేను కూడా ఆ మిర్యాలగూడ పనికి అర్జీ పెట్టానురా. ఎవరికొచ్చినా ఇంట్లోనే ఉంటది కదా."

నేను నవ్వాను. బావతో నవ్వాలి కాబట్టి నవ్వాను.

తహసీల్దారు మా ఇద్దర్నీ నిలబెట్టి చూశాడు. "ఈయనకు ఉర్దూ వచ్చు, ఇంగ్లీషు అంతంత మాత్రం. ఆయనకు ఇంగ్లీషు వచ్చు, ఉర్దూ సున్న. మీ ఇద్దర్నీ కలిపితే ఒక గుమాస్తా అవుతాడు. ఒక బల్ల దగ్గర కూర్చోండి. కొన్నాళ్లు చూసి ఒకర్ని పంపుతాను," అన్నాడు.

మా కచేరీలో ఒక రివాజు ఉండేది. పాత కాలం నుంచీ ఒకరు చదివితే ఒకరు రాసేవారు. చదివేవాడి చేతిలో కాగితం ఉన్నంతసేపూ ఇంకొకరు దాన్ని ముట్టుకోకూడదు. పెద్ద గుమాస్తా అయినా సరే. చదివేవాడు 'ఖతం' అన్న తర్వాతే కాగితం కింద పెట్టాలి, రాసేవాడు కలం తుడుచుకోవాలి. ఆ మాట అనేదాకా అర్జీదారు కూడా గడప దగ్గరే నిలబడేవాడు. ఇప్పుడు చదివేవాణ్ణి నేను, రాసేవాడు బావ. నేను ఉర్దూ చూసి తెలుగులో చెప్పాలి. ఆయన విని ఇంగ్లీషులో దించాలి.

మొదటి రోజే నా గళ్లు నన్ను ముంచాయి. ఒక పటేలు మీద వచ్చిన అర్జీలో అతను ఊళ్లో బద్‌నామ్ అయ్యాడని ఉంది. నేను తెలుగులో చెప్పి ఊరుకోకుండా, "మిస్‌నేమ్‌డ్ అని రాయి బావా," అన్నాను.

బావ కలం ఆపాడు. "ఏమనీ?"

"బద్‌కు మిస్. నామ్‌కు నేమ్."

"ఒరేయ్, అట్లా రాస్తే ఆయన పేరు కాగితంలో తప్పు పడ్డదనుకుంటారు. పాపం ఇంకో పేరు పెట్టుకోమని తాకీదొస్తది!"

గడప దగ్గర చప్రాసీ నవ్వాడు. లోపల తహసీల్దారు దగ్గాడు. అది దగ్గో నవ్వో తెలియలేదు.

బావకు గళ్లు లేవు, పద్ధతి లేదు. జగ్గయ్యపేటలో ఎవరో మాస్టరు చెబుతుంటే చెవితో పట్టుకున్నాడు. ఎందుకు అట్లా అనాలి అని అడిగితే, "అట్లా అంటేనే బాగుంటదిరా," అనేవాడు. ఏ పద్ధతీ లేని మనిషికి అన్నీ సరిగ్గా రావడం నాకు అన్యాయంగా తోచేది. ఇంకో సంగతి ఉంది. ఆయన ఎందుకో చెప్పలేకపోయేవాడు గాని ఎట్లాంటిదో చెప్పగలిగేవాడు.

పక్క ఊరి బావి తగాదా ఒకటి వచ్చింది. 'ఈ బావి బేకార్‌గా పడి ఉంది' అని చదివాను.

"ఎట్లా బేకారు?" అన్నాడు బావ.

"బేకార్ అంటే బేకారే. ఇంకెట్లుంటది?"

"కాదురా. బావి తవ్వి ఒక్క బొక్కెన కూడా చేదలేదనుకో, అన్‌యూజ్డ్. మీ తాత చేది, మీ నాయన చేది, నువ్వు చేదకుండా వదిలేశావనుకో, డిస్‌యూజ్డ్. ఊరోళ్లు అందులో చెత్త పోశారనుకో, మిస్‌యూజ్డ్. మూడూ పనికిరాని బావులే. కానీ మూడిటి కథ వేరు."

చప్రాసీ తలుపు దగ్గర నుంచి, "మరి అండ్ల మనిషి దుంకితే ఏమంటరు సారూ?" అన్నాడు.

"ఎవరు దూకారన్న దాన్ని బట్టి ఉంటది. బామ్మర్ది దూకితే సద్వినియోగం అంటారు."

కచేరీ అంతా ఘొల్లుమంది. అర్జీదారు కూడా నవ్వాడు, బావి ఆయనదే అయినా. బావ బామ్మర్దిని అన్న మాటకు కోపం తెచ్చుకునే హక్కు ఎవరికీ లేదు. నేను కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని తర్వాతి వరుస చదివాను. లోపల మాత్రం నిప్పు మీద కూర్చున్నట్టుంది. తేడా నాకు వెంటనే అర్థమైంది. నేను అన్నాళ్లు గళ్లలో వెతికిన తేడా ఆయనకు ఒక బావిలో దొరికింది.

ఇంట్లో ఇంకా కష్టంగా ఉండేది. ఆయన మా ఇంట్లోనే దిగాడు గదా. అన్నం దగ్గర కూర్చుంటే మాటలన్నీ ఆయనవే. ఒక రోజు ఇంగ్లీషులో డిస్‌ఇంట్రెస్టెడ్ వేరు, అన్‌ఇంట్రెస్టెడ్ వేరు అని మొదలుపెట్టాడు. నేను నా గళ్లలో ఆ రెండింటినీ ఒకే గదిలో పెట్టి ఉన్నాను.

"పంచాయితీలో పెద్దమనిషి ఉంటాడు చూడమ్మా," అన్నాడు నా భార్యతో. "ఎవరు గెలిచినా తనకేమీ ఒరిగేది లేదు, ఇద్దరి మాటా వింటాడు. ఆయన డిస్‌ఇంట్రెస్టెడ్. పక్కనే ఇంకొకాయన గోడకు ఆనుకుని కునుకు తీస్తుంటాడు. ఆయన అన్‌ఇంట్రెస్టెడ్. తీర్పు మొదటాయన చెప్పాలి. మన ఊళ్లలో ఎప్పుడూ రెండో ఆయనే చెప్తాడు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె అట్లా నవ్వడం నేను అప్పటిదాకా చూడలేదు. ఆయన చేయి కడుక్కోవడానికి బయటికి పోయాక నాతో అన్నది.

"అన్న చెప్తే ఇంగిలీషు గూడ మన తెలుగు లెక్కనే ఉంటది."

"మరి నేను చెప్తే?"

"నువ్వు చెప్తే తెలుగు గూడ ఇంగిలీషు లెక్కుంటది."

ఆమె వేళాకోళానికే అన్నది. నేను ఆ రోజు మజ్జిగ పోసుకోకుండా లేచాను. డైరీలో ఆ తేదీ కింద ఒకే వాక్యం ఉంది: 'బావ ఇంకెన్నాళ్లుంటాడో తెలియదు.' చదివినవాళ్లు దాన్ని అతిథి మీద ప్రేమ అనుకోవచ్చు.

ఇంతలో నాకు ఒక మంచి రోజు వచ్చింది. ఒక కౌలుదారు అర్జీ. నడి వయసు మనిషి, తలగుడ్డ చేతిలో పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాడు. గడబిడ రోజుల్లో ఊరు వదిలి పోయిన పట్టాదారు తిరిగొచ్చి ఇతన్ని చెలకలోంచి వెళ్లగొట్టాడు. అర్జీలో 'నన్ను బేదఖల్ చేశారు' అని ఉంది. నేను చదివి తెలుగులో చెప్పాను. బావ రాసింది నాకు వినిపించాడు. భూమి ఇతని స్వాధీనంలో లేదు అని అర్థం వచ్చేటట్టు రాశాడు.

"అట్ల కాదు బావా," అన్నాను. "స్వాధీనంల లేదంటే ఎన్నడూ లేకుండె అని గూడ అనుకోవచ్చు. ఉన్నోణ్ణి గుంజి బయట పడేసిండ్రు. బేదఖల్. బేకు డిస్. డిస్‌పొజెస్డ్."

"ఇప్పుడైతే లేదు గదా. రెండూ ఒకటే లేరా, రాయాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి."

"నీ బావి మూడు తీర్లుంటది గాని, ఈయన భూమి ఒక్క తీరేనా?"

బావ కలం కింద పెట్టాడు. నేను కాగితం పెట్టలేదు. ఖతం అనలేదు. అనేదాకా ఆయన లేవడానికి లేదు. కౌలుదారును అడిగాను.

"నువ్వు దున్నినవా?"

"దున్నిన సారూ. మా నాయన గూడ దున్నిండు. కందులు కోతకొచ్చినంక ఎల్లగొట్టిండ్రు."

మా గొడవ విని తహసీల్దారు బయటికి వచ్చాడు. బావ రాసింది చూశాడు. నన్ను అడిగాడు, నేను చెప్పాను. "ఈయన చెప్పిందే సరి. డిస్‌పొజెస్డ్ అని రాయండి. విచారణకు పోయేవాడు ముందు ఆ మాటే చూస్తాడు," అన్నాడు. అన్న తర్వాత నా వైపు ఒకసారి మెచ్చుకోలుగా చూశాడు. అది మొదటిసారి. నేను చాలా నిదానంగా, అవసరమైన దానికంటే గట్టిగా, ఖతం అన్నాను.

బయటికి రాగానే బావ నా వీపు మీద ఒక్కటి చరిచాడు. "గెలిచావురా బామ్మర్దీ! నిన్ను చూస్తే ఇట్లా అనిపించదు గాని పట్టుకుంటే వదలవు." ఆయన మొహంలో ఏదైనా చిన్న మచ్చ కనబడుతుందేమోనని చూశాను. లేదు. నిజంగానే సంతోషించాడు. ఓడిపోయి సంతోషించే మనిషి మీద గెలిస్తే ఏం మిగులుతుంది? ఆయనకు నా మీద అసూయ లేకపోవడం కూడా నాకు అసూయగానే ఉండేది.

కొన్నాళ్లకు తహసీల్దారు తీర్పు చెప్పాడు. బావను పంపుతున్నానన్నాడు. నన్ను ఒక్కణ్ణే పిలిచి కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు.

"మీ పని నాకు నచ్చింది. మీకు శ్రద్ధ ఎక్కువ. కానీ ఉర్దూ కాగితాలు ఇంకెన్నాళ్లుంటాయి చెప్పండి? ఇంగ్లీషు రాసేవాడు దొరకడం కష్టం. ఉర్దూ చదివి చెప్పేవాడు ఎక్కడైనా దొరుకుతాడు."

"చిత్తం హుజూర్," అన్నాను. ఆయన సార్ అనమని గుర్తు చేయలేదు. జాలిపడ్డాడనుకుంటాను.

ఇంటికి పోయి చెప్పాను. నా భార్య చేట తీసుకుని బియ్యం ఏరుతూ కూర్చుంది. ఏరినవే మళ్లీ ఏరింది. బావ కోదాడ పోయి అక్కను తీసుకుని మిర్యాలగూడ చేరాడు. పోయే రోజు బస్సు దగ్గర నా చేయి పట్టుకుని, "ఆదివారం ఆదివారం వస్తుండురా," అన్నాడు. ఊఁ అన్నాను. పోలేదు. ఒక ఆదివారం తలనొప్పి అన్నాను, ఒక ఆదివారం వాన వస్తుందన్నాను. వానలు వెనుకబడ్డ ఏడాది అది.

"నీకు పోవాలని లేదా, పోవద్దని ఉన్నదా?" అని అడిగింది ఆమె.

ఆ తేడా నా గళ్లలో ఎక్కించదగ్గదే.

ఆ కొలువు చేజారిన బాధ ఒక రకంగా సర్దుకుంది. బావకు ఇంగ్లీషు వచ్చు, నాకు అంతగా రాదు, ఆయన్ను పంపారు. లెక్క సరిగ్గానే ఉంది. అసలు మంట తర్వాత మొదలైంది. మిర్యాలగూడకు కాగితాలు తీసుకుపోయిన చప్రాసీ తిరిగొచ్చి, బీడీ వెలిగించుకుంటూ చెప్పాడు.

"మీ బావగారు మంచిగున్నడు సారూ. ఒక ముసలి మున్షీని కుదుర్చుకున్నడు. ఆయన సదువుడు, ఈయన రాసుడు. జోడెడ్ల లెక్క కూసుంటున్నరు."

నా చేతిలో ఉన్న నకలు మీద సిరా చుక్క పడింది.

నేను ఆ రోజంతా పని చేయలేదు. ఆ మున్షీ ఎవరు? షికస్తా చదవగలడా? నా కంటే వేగంగా చదువుతాడా? బావ ఆయనతో కూడా బావుల ముచ్చట చెప్తాడా? ఆయన ఖతం అంటే బావ లేస్తున్నాడా? ఒకరోజు చదువుకున్న రెండు ఇంగ్లీషు మాటలు గుర్తొచ్చాయి. మిస్‌ప్లేస్డ్ అంటే ఎక్కడో పెట్టి మరిచిపోయిన వస్తువు. అది లేదని ఎవరో ఒకరు వెతుకుతారు. డిస్‌ప్లేస్డ్ అంటే దాని చోట ఇంకొకటి వచ్చి కూర్చుంది. ఇక వెతికే పని లేదు. ఆ తేడా నాకు ఎవరూ చెప్పనక్కర్లేకుండా, ఏ బావీ తవ్వకుండా అర్థమైంది. బావ కొలువు తీసుకున్నందుకు నాకు అంత ఉడుకు రాలేదు. నా చోటు ఇంకొకరికి ఇచ్చాడు. నన్ను బేదఖల్ చేశాడు.

ఇంటికి పోగానే, "ఈ ఆదివారం మిర్యాలగూడ పోదాం," అన్నాను.

"తలనొప్పి తగ్గిందా?" అన్నది నా భార్య. అప్పటికే పెట్టెలోంచి మంచి చీర తీస్తున్నది. మధ్యాహ్నానికల్లా అక్కడి నుంచి వేములపల్లి పోవాలని నా చేత ఒట్టు వేయించుకుంది.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కాం. దారిలో గరిడేపల్లి దగ్గర బస్సు ఆగి నీళ్లు పోయించుకుంది. ఆ సేపంతా నేను మున్షీని ఎట్లా ఎదుర్కోవాలో, ఏ మాట అడిగి పరీక్షించాలో మనసులో వరుస పెట్టుకున్నాను.

అక్క కాళ్లకు నీళ్లిచ్చి నా భార్యను లోపలికి తీసుకుపోయింది. అరుగు మీద చాప వేసి ఉంది. కచేరీలో మిగిలిపోయిన పని ఇంట్లో చేస్తున్నారు. బావ రాత పీట ముందు కూర్చున్నాడు. పక్కన మున్షీ, తెల్ల గడ్డం, నల్ల షేర్వానీ. చేతిలో కాగితం. సూర్యాపేట బల్ల దగ్గర నేను కూర్చునే చోట, అదే ఎడమ వైపు.

బావ తలెత్తి చూశాడు. "వచ్చావా! రా, కూర్చో. ఇప్పుడే అయిపోతుంది," అని మళ్లీ కలం సిరాలో ముంచాడు.

ఇప్పుడే అయిపోతుంది. వచ్చిన చుట్టానికి చెప్పే మాట. నేను చాప చివర కూర్చున్నాను.

మున్షీ బాగానే చదువుతున్నాడు. అది ఒప్పుకోవాలి. తడుముకోలేదు. అయితే ఉర్దూను తెలుగు చేసేటప్పుడు నలిపేస్తున్నాడు. త్రిపురారం నుంచి వచ్చిన అర్జీ అది. తన పాత అర్జీకి ఏ గతి పట్టిందో ఆ రైతు రాసుకున్నాడు. మున్షీ చదివి, "పహ్లే అర్జీ మంజూర్ కాలే," అన్నాడు. బావ తలూపి రాసుకుంటూ పైకి అన్నాడు. "అన్‌అప్రూవ్డ్."

నేను కూర్చున్న చోటు నుంచి ఆ వరుస కనబడుతున్నది. తలకిందులుగానే, కానీ నాకు అది చాలు. అక్కడ నామంజూర్ అని ఉంది. మంజూరు కాలేదంటే ఇంకా కావచ్చు, కాగితం ఎక్కడో బల్ల మీద పడి ఉండవచ్చు. నామంజూరంటే ఒకరు చూసి కాదన్నారు. వీళ్లు రాసినట్టు పోతే ఆ రైతు పాత అర్జీ కోసం కూర్చుని ఎదురు చూస్తాడు. నా చెయ్యి దానంతట అది ముందుకు పోయింది. సగంలో ఆగింది. కాగితం మున్షీ చేతిలో ఉంది. ఆయన ఖతం అనలేదు. ఇంకొకరు ముట్టుకోకూడదు. ఆ రివాజును నేను ఎన్నోసార్లు బావ మీద ప్రయోగించాను. ఇప్పుడు చేతులు రెండూ మోకాళ్ల కింద పెట్టుకుని కూర్చున్నాను.

మున్షీ కళ్లద్దాల పైనుంచి నన్ను చూశాడు. "తుమ్ పఢ్‌తే?"

"చదువుత సాబ్."

"షికస్తా?"

"షికస్తానే."

ఆయన బావ వైపు తిరిగాడు. "గీయనేనా? ఒక్కొక్క అక్షరానికి గంట లడాయి చేసే బామ్మర్ది?"

"ఆయనే సాబ్," అన్నాడు బావ.

"యా అల్లా," అని ముసలాయన నుదురు రుద్దుకున్నాడు. "బేటా, నీ వల్ల నేను పరేషాన్. ఏం చదివినా ఈయన ఏమంటడు? మా బామ్మర్ది అయితే గిట్ల చదవడు. మా బామ్మర్ది అయితే ఇక్కడ ఆగుతడు. మా బామ్మర్ది అయితే ఒప్పుకోడు. కచేరీలో ముప్ఫై ఏండ్లు చేసిన, ఏ నవాబు నన్ను గిట్ల సతాయించలే. నిన్ను చూడకముందే నీ మీద నాకు మంట."

బావ కలం తుడుచుకుంటూ నవ్వాడు. "ఇన్నాళ్లూ రాకపోతివి. నేనేం చేయనురా? కొట్లాడేవాడు లేకపోతే నాకు ఇంగ్లీషు కూడా రావట్లేదు."

నన్ను చూసి ఒకరు అసూయపడటం నాకు కొత్త. బస్సులో వరుస పెట్టుకున్న ప్రశ్నలన్నీ ఎటు పోయాయో తెలియలేదు.

అప్పుడు మున్షీ ఒక పని చేశాడు. చదవడం పూర్తి కాలేదు, ఖతం అనలేదు. కాగితాన్ని రెండు చేతులతో నా ముందుకు చాపాడు. కచేరీలో ఎవరూ అట్లా చేయరు. "లే, నువ్వే ఖతం చెయ్యి. నేను నమాజుకు పోత," అని మోకాళ్లు పట్టుకుని లేచాడు. చెప్పులు వేసుకుంటూ, "వచ్చే ఆదివారం గూడ ఇతన్నే పిలువు. నాకు తిట్లు తప్పుతయి," అన్నాడు బావతో.

బావ పీట కొంచెం జరిపాడు. నేను ఎడమ వైపుకు వచ్చి కూర్చున్నాను. చాప ఇంకా వెచ్చగా ఉంది.

"నామంజూర్," అన్నాను. "అన్ కాదు, డిస్. చూసినంకనే కాదన్నరు."

"అట్లా చెప్పు," అని బావ ఒక గీత గీసి కొట్టేసి పైన రాశాడు. "మరి నీ లెక్క ప్రకారం 'నా'కు అన్ రావాలి గదరా?"

"ఆ గళ్లు చింపేసిన."

"ఎందుకు? బాగుండేవి. పటేలుకు కొత్త పేరు పెడదామనుకున్నాం."

ఇద్దరం నవ్వాం. ఆయన మళ్లీ సిరా ముంచాడు. నేను కింది వరుసకు పోయాను. లోపల నుంచి నా భార్యా అక్కా ఏదో మాట్లాడుకుంటూ నవ్వుతున్నారు. ఎండ అరుగు మీదికి పాకింది. కాగితం అడుగున రైతు వేలిముద్ర, దాని కింద తేదీ. అవీ చదివాను. ఇక చదవడానికి ఏమీ లేదు.

"ఇంకెంతసేపు? యేములపల్లి పోవాలె గదా!" లోపల నుంచి ఆమె కేకేసింది.

"ఒట్టేసిండట తమ్ముడు," అన్నది అక్క.

బావ కలం ఎత్తి పట్టుకుని నా నోటి వంక చూస్తున్నాడు. కాగితం అయిపోయింది. నేను ఖతం అనలేదు.